అవటుగ్రంథి పుట్టవ్రణము: చికిత్సాచరిత్రము

మెడమీద చిన్న గడ్డ కనబడినంతనే ఇంటిల్లిపాదికిని దిగులు పుట్టుట మన గ్రామములలో క్రొత్త విషయము కాదు. పెండ్లి కావలసిన పిల్ల యైనచో ఆ గడ్డను పైటచెఱగుతో కప్పి, నలుగురికిని తెలియకుండ ఆకుపసరులు రాయించువారు కొందఱు. వైద్యుడు కాన్సరు అను మాట పలికినంతనే ఇక ఆశ లేదని నిశ్చయించుకొని, పొలమమ్మి వ్యయము చేయుట వ్యర్థమని రోగిని ఇంటికి తీసికొని పోవువారు మఱికొందఱు. మొదటివారు భయముచేత దాచుచున్నారు; రెండవవారు భయముచేత విడుచుచున్నారు. ఈ రెండు త్రోవలును చేటునకే దారితీయును. పుట్టవ్రణములన్నిటిలో మెడయందలి అవటుగ్రంథికి వచ్చునది చాలవఱకు నెమ్మదియైనది, చికిత్సకు లొంగునది. ఈ మాట నేడు ధైర్యముగా చెప్పగలుగుచున్నామన్నచో, దాని వెనుక రెండువందల యేండ్ల శ్రమయు, పెక్కు పొరపాటులును, ఆ పొరపాటులను దిద్దుకొనిన వివేకమును కలవు. ఊరిలో పదిమందికి మంచిమాట చెప్పగల పెద్దలు ఆ చరిత్రము నెఱిగియుండుట మేలని తలచి, దానినే నేటి ప్రసంగమునకు విషయముగా గైకొనుచున్నాను.

ముందుగా ఆ గ్రంథి యెక్కడ నున్నదో తెలిసికొందము. గుటక వేసినపుడు కంఠమున పైకిని క్రిందికిని కదలు మిట్ట యొకటి మనకు చేతికి తగులును. దానికి కొంచెము దిగువగా, ఊపిరిగొట్టమునకు ముందువైపున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె ఈ గ్రంథి అంటుకొని యున్నది. దీని తూకము ఒకటిన్నర మొదలు రెండు తులముల ప్రాంతము. మన పాఠ్యపుస్తకములలో దీనిని అవటుగ్రంథి యనియు, వైద్యులు థైరాయిడు అనియు పిలుతురు. థైరాయిడు అను పేరు డాలు అను అర్థముగల గ్రీకు పదమునుండి వచ్చినది. శరీరమున వేడి పుట్టుట, గుండె కొట్టుకొనుట, పిల్లల యెదుగుదల, బుద్ధివికాసము, ఇవన్నియు ఈ రెండు తులముల గ్రంథి విడుచు రసముపై ఆధారపడి యుండును.

మెడవాపును మన పూర్వులు ఎఱుగకపోలేదు. సుశ్రుతసంహితయందలి నిదానస్థానమున గలగండమను వ్యాధి వర్ణింపబడినది. దానితోపాటు అర్బుదము కూడ చెప్పబడినది. గుండ్రముగాను, కదలకను, లోతుగా వేళ్లూనియు, మెల్లమెల్లగా పెరుగుచు, చీముపట్టక యుండు కండను అర్బుదమనిరి. కంటితో చూచియు చేతితో తడవియు తెలిసికొనదగిన దెల్ల వారు తెలిసికొనిరి. కాని ఆ గ్రంథి శరీరమున చేయు పనియేదో తెలియుటకు అప్పటికి సాధనములు లేవు. ఐరోపా ఖండమునందును చాలకాలము స్థితి యిట్లే యుండెను. 1656వ సంవత్సరమున ఇంగ్లండు వైద్యుడు థామస్ వార్టన్ ఈ గ్రంథికి థైరాయిడు అని పేరుపెట్టి, ఇది మెడకు గుండ్రదనమును, ముఖ్యముగా స్త్రీలకు సౌందర్యమును కూర్చుటకై యేర్పడినదని వ్రాసెను. అలంకారముకొఱకే యున్నదని తలచిన ఆ గ్రంథి లేనిచో మనుష్యుడు మనుష్యుడుగా నిలువలేడని తెలియుటకు మఱి రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

ఆల్ప్సు పర్వతప్రాంతములలో, అందును స్విట్జర్లాండు దేశమున, మెడవాపులు ఊరూర నుండెడివి. కొన్ని వాపులు ఊపిరిగొట్టమును నొక్కి రోగిని ఉక్కిరిబిక్కిరి చేసెడివి. కోసి తీసివేయుదమన్నచో ఆ గ్రంథికి రక్తప్రసారము అత్యధికము. కత్తి తగిలినంతనే రక్తము వెల్లువయై పాఱెడిది. దానిని తప్పించుకొన్నవారిని పిదప చీము కబళించెడిది. ఇట్లు పలువురు మరణించుటచేత 1850లో ఫ్రెంచి వైద్యపరిషత్తు ఈ శస్త్రచికిత్సనే గర్హించెను. శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడైన బిల్‌రోత్ కూడ తన రోగులలో పెక్కురు చనిపోవుట చూచి కొన్ని సంవత్సరములు ఈ కత్తిని క్రిందపెట్టెను.

అట్టి కాలమున స్విట్జర్లాండునందలి బెర్ను నగరమున థియొడోర్ కోహెర్ అను వైద్యుడు తలయెత్తెను. ఈయన 1841లో జన్మించి, 1872లో అచటి విశ్వవిద్యాలయమున శస్త్రచికిత్సాచార్యుడయ్యెను. కోహెర్ తొందరపడువాడు కాడు. కత్తిని ఎంత వేగముగా ఆడించిన అంత గొప్పవైద్యుడని లోకము మెచ్చిన రోజులలో, ఈయన ఒక్కొక్క రక్తనాళమును వెదకి, పట్టకారుతో పట్టి, ముడివైచి, ఆ పిమ్మటనే ముందుకు సాగెడివాడు. లిస్టరు మహాశయుడు 1867లో ప్రకటించిన క్రిమినాశక పద్ధతిని శ్రద్ధతో పాటించెను. తొలి పదేండ్లలో ఈయన చేతిమీద నూటికి 13 మంది మరణించుచుండగా, తుదకు ఆ సంఖ్య నూటికి ఒకరికంటె తక్కువకు దిగెను. 1912 నాటికి ఈయన చేసిన ఇట్టి చికిత్సలు ఐదువేల ప్రాంతమునకు చేరెను. మృత్యుముఖమని పేరుపడిన చికిత్స ఓర్పుచేతను శుచిచేతను నిరపాయమైనది.

కాని ఈ విజయములోనే ఒక విషాదము దాగియుండెను. 1874లో కోహెర్ పదునొకండేండ్ల బాలికకు వాపుతో కూడ గ్రంథినంతయు తీసివేసెను. గాయము చక్కగా మానినది; అందఱును సంతోషించిరి. కొంతకాలమునకు, ఆ పిల్లను పంపిన వైద్యుడు, ఆమె చుఱుకుదనము నశించి మందమతి యైనదని తెలిపెను. 1882లో జెనీవా నగర వైద్యుడు రెవెర్డిన్ తన రోగులలోను ఇట్టి మార్పులనే చూచినట్లు చెప్పగా కోహెర్ కలవరపడి, తాను పూర్వము చికిత్స చేసినవారిని మరల పిలిపించి పరీక్షించెను. గ్రంథిని పూర్తిగా పోగొట్టుకొన్నవారిలో అత్యధికులు ముఖము ఉబ్బి, చర్మము ఎండి, చలికి తాళలేక, మాట మందగించి యుండిరి. ఆ బాలిక చెల్లెలు ఒకప్పుడు అక్కతో పోల్చి చూచినచో గుర్తుపట్టలేనంత పోలిక కలది. ఆ చెల్లెలు ఎదిగి చక్కని యువతి యయ్యెను; అక్క మాత్రము పొట్టిగా, జడముగా మిగిలిపోయెను. కోహెర్ దీనిని మఱుగుపఱుపలేదు. 1883లో జర్మను శస్త్రవైద్యుల మహాసభలో తన చికిత్సవలన కలిగిన కీడును తానే బయలుపెట్టి, వాపునకై గ్రంథినంతయు తీయరాదని చాటెను. ఈ సత్యసంధత వలననే గ్రంథి యొక్క నిజస్వరూపము లోకమునకు తెలిసెను. 1909లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. శస్త్రవైద్యులలో దాని నందిన మొదటివాడు కోహెరే.

గ్రంథి లేకపోవుటచే జబ్బు వచ్చినచో, గ్రంథిరసమును బయటినుండి ఇచ్చిన నయము కావలెను గదా! ఈ తర్కమును పట్టుకొని 1891లో జార్జి మఱ్ఱే అను ఇంగ్లండు యువవైద్యుడు గొఱ్ఱెల అవటుగ్రంథులనుండి తీసిన సారమును 46 ఏండ్ల స్త్రీకి సూదిమందుగా నిచ్చెను. కొన్ని వారములలోనే ఆమె ముఖపు ఉబ్బు తగ్గి, మాట తేటపడినది. ఆ పిమ్మట ఆమె ఆ మందునే సేవించుచు 28 సంవత్సరములు జీవించి 1919లో మరణించెను. అందుకై ఎనిమిదివందలకు పైగా గొఱ్ఱెల గ్రంథులు వినియోగపడినవట! 1914లో అమెరికాయందు ఎడ్వర్డ్ కెండాల్ ఆ సారమునందలి అసలు పదార్థమును వేఱుచేసి థైరాక్సిను అని పేరిడెను. 1927లో ఇంగ్లండున హారింగ్టన్, బార్జర్ అను పండితులు దానిని రసాయనశాలలోనే తయారుచేసిరి. నేడు గ్రంథిని తీసివేయించుకొన్నవారు ప్రతి ఉదయము మ్రింగు చిన్న మాత్ర ఆ గొఱ్ఱెల సారమునకు వారసురాలు. ఈ మాత్ర లేనిచో పుట్టవ్రణమునకై గ్రంథినంతయు తీయుట నేటికిని అసాధ్యమై యుండెడిది.

శస్త్రవైద్యుడు భయపడవలసినవి మఱి రెండు ఆ ప్రదేశముననే కలవు. ఒకటి స్వరమును నడపు నరము. అది గ్రంథి వెనుకగా సాగిపోవును. దానికి దెబ్బ తగిలిన గొంతు బొంగురుపోవును. రెండవది గ్రంథి వెనుకభాగమున గోధుమగింజలంతటివి నాలుగు చిన్న గ్రంథులు. రక్తములోని కాల్షియమును నిలుపుట వాని పని. వీనిని మొట్టమొదట చూపిన ఘనత మన దేశపు ఖడ్గమృగమునకు దక్కినది. లండను జంతుశాలలో చాలకాలము పెరిగిన భారతదేశపు ఖడ్గమృగము 1849లో చనిపోగా, రిచర్డ్ ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు దానిని కోసి పరీక్షించుచు ఈ గ్రంథులను గుర్తించెను. మనుష్యునియందు వీనిని 1880లో స్వీడను దేశపు విద్యార్థి శాండ్‌స్ట్రోమ్ వర్ణించెను. ఇవి దెబ్బతిన్నచో చేతివ్రేళ్లు కొంకరలుపోయి తిమ్మిరులు పుట్టును. అందుచేతనే చికిత్సానంతరము వ్రేళ్లు చిమచిమలాడుచున్నవా యని వైద్యులు అడుగుచుందురు.

ఇక ఈ చరిత్రమునకు ఇరుసువంటి విషయమునకు వత్తము. 1811లో ఫ్రాన్సుదేశమున కూర్ట్వా అను నతడు సముద్రపునాచును కాల్చిన బూడిదనుండి తుపాకిమందునకు కావలసిన లవణములు తీయుచుండగా ఊదారంగు ఆవిరి యొకటి లేచెను. అదియే అయొడిను. సముద్రపునాచు బూడిద మెడవాపునకు మందుగా వాడుకలో నున్నదని యెఱిగిన జెనీవా వైద్యుడు క్వాండే, 1820లో అయొడినునే రోగులకిచ్చి గుణము చూపెను. 1895లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు బౌమన్ అవటుగ్రంథిలోనే అయొడిను ఉన్నదని కనుగొనెను. శరీరమున ఏ యితర భాగమును ఇంతగా కోరని ఈ ధాతువును ఈ గ్రంథి మాత్రము రక్తమునుండి ఆత్రముతో పీల్చుకొని తన రసమును తయారుచేసికొనును. చాతకపక్షికి వానచినుకెట్లో ఈ గ్రంథికి అయొడిను అట్లు. అయొడిను చాలనప్పుడు ఈ దాహముచేతనే గ్రంథి ఉబ్బి వాపుగా మాఱును.

ఈ సత్యమును మన దేశమున ఋజువుచేసిన మహావైద్యుడు ఆంధ్రుడగుట మనకు గర్వకారణము. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణమున వైద్యవిద్య నభ్యసించిన వులిమిరి రామలింగస్వామిగారు హిమాలయ ప్రాంతమునందలి కాంగ్రా లోయలో 1956లో ఒక గొప్ప పరిశోధన నారంభించిరి. ఆ లోయలో కొన్ని భాగములకు అయొడిను కలిపిన ఉప్పును, మఱియొక భాగమునకు మామూలు ఉప్పును పంచి చూచిరి. కొలది సంవత్సరములలో అయొడిను ఉప్పు తిన్న గ్రామముల పిల్లలలో మెడవాపులు బాగుగా తగ్గినవి. 1962లో ప్రభుత్వము దేశమున గలగండనివారణ పథకమును స్థాపించుటకు ఈ మార్గమే ఆధారమైనది. అయొడిను కొఱత గల ప్రాంతములందు పుట్టవ్రణములలో కఠినమైన రకములు ఎక్కువ పాలు వహించుననియు, ఆ కొఱత తీఱినచోట నెమ్మదియైన రకమే ప్రధానమగుననియు వైద్యులు గమనించియున్నారు. కనుక చిటికెడు ఉప్పుకూడ ఈ కథలో పాత్రధారియే.

పుట్టవ్రణ మనగా శరీరమందలి కణములు కట్టుబాటు తప్పి తమంత తాము పెరుగుట. తమ చోటు విడిచి ఇతరావయవములకు వలసపోవుట. 1876లో జర్మను పండితుడు కోన్‌హైమ్ ఒక శవమును పరీక్షించి, ఊపిరితిత్తులలోను ఎముకలలోను చిన్న అవటుగ్రంథులవంటి కణుపులను చూచి ఆశ్చర్యపడెను. అవి మెడనుండి వలసపోయిన పుట్టవ్రణపు కణములు. తరువాత ఆస్ట్రియా శస్త్రవైద్యుడు ఐసెల్స్‌బెర్గ్ మఱింత వింతను చూచెను. గ్రంథిని పూర్తిగా తీసివేసిన రోగికి గ్రంథి లేని లక్షణములు మొదట పుట్టి, పిమ్మట రొమ్ముటెముకయందు వలసగడ్డ పెరుగగా తగ్గిపోయినవి. ఆ దొంగగడ్డ అసలు గ్రంథి పనిని చేయుచుండెనన్నమాట! ఇల్లు విడిచి దేశాంతరము పోయినను పుట్టింటి అలవాటు పోనట్లు, వలసపోయిన కణములు అయొడిను దాహమును మానలేదు. వ్యాధియొక్క ఈ అలవాటే దానికి ఉరిత్రాడయ్యెను. అదెట్లో వినుడు.

1934లో క్యూరీ దంపతుల కుమార్తె ఐరీన్, అల్లుడు ఫ్రెడరిక్ జోలియో మామూలు ధాతువులను కిరణములు వెలువరించునట్లు చేయవచ్చునని కనుగొనిరి. 1936 నవంబరు 12వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున భౌతికశాస్త్రజ్ఞుడు కార్ల్ కాంప్టన్ వైద్యులకు ఉపన్యాసమొసగెను. ఉపన్యాసానంతరమున సాల్ హెర్ట్‌జ్ అను యువవైద్యుడు లేచి, అయొడినును కూడ కిరణములు వెలువరించునట్లు చేయగలమా యని ప్రశ్నించెను. ఆ ప్రశ్నతో వైద్యచరిత్ర మలుపు తిరిగినది. గ్రంథి అయొడినును త్రాగుట మానదు గనుక, అట్టి అయొడిను నిచ్చినచో కిరణము తనంతట తానే రోగస్థానమునకు పోయి చేరునని ఆయన యూహ. మొదట కుందేళ్లపై పరీక్షలు జరిగినవి. 1938లో కాలిఫోర్నియాయందు లివింగుడ్, సీబోర్గ్ అను వారు ఎనిమిది దినములకు సగము శక్తి తగ్గునట్టి అయొడిను 131ని కనుగొనిరి. 1941 మార్చి 31వ తేదీన హెర్ట్‌జ్ ఇట్టి కిరణాయొడినును గ్రంథి మితిమీఱి పనిచేయు రోగికి తొలిసారి చికిత్సగా నిచ్చెను.

పుట్టవ్రణమునకు దీనిని ప్రయోగించినది న్యూయార్కు నగర వైద్యుడు శామ్యూల్ సైడ్లిన్. ఆయన రోగికి 1923లోనే గ్రంథి తీసివేయబడినది. ఐనను పెక్కు సంవత్సరముల తరువాత ఆ రోగి చిక్కి శల్యమై, గుండెదడతో, గ్రంథిరసము మితిమీఱిన లక్షణములు కనబఱుపసాగెను. గ్రంథియే లేనివానికి గ్రంథిరసము ఎక్కడిది? ఎముకలందును ఇతరస్థానములందును వలసయున్న గడ్డలే దానిని తయారుచేయుచుండెను. 1943లో సైడ్లిన్ కిరణాయొడినును ఇచ్చి, కిరణములను లెక్కించు యంత్రమును శరీరముపై త్రిప్పి చూడగా, గడ్డలున్న చోటులందెల్ల అది గణగణ మ్రోగెను. అయొడిను చేరిన చోట గడ్డ దెబ్బతినెను. రోగి బాధ తగ్గినది, శరీరము పుష్టి నొందినది. 1946లో ఈ వృత్తాంతము ప్రకటింపబడినంతనే దేశమంతట సంచలనము కలిగెను. గడ్డను చంపు ఆ కిరణములు చాలవఱకు రెండు మిల్లీమీటర్లకు మించి దూరము పోవు. కావున పొరుగున నున్న మంచి అవయవములకు హాని స్వల్పము. చొరబడిన దొంగకు వానికి ప్రీతియైన భక్ష్యములోనే విషము కలిపి పెట్టుట వంటిది ఈ ఉపాయము.

యుద్ధకాలమున ఈ మందు మిక్కిలి అరుదు. 1946లో అమెరికాలోని ఓక్‌రిడ్జి అణుకేంద్రమునుండి ఇట్టి ధాతువులను ఆసుపత్రులకు పంపుట ఆరంభమయ్యెను. హిరోషిమాను కాల్చిన విద్యయే ఏడాది తిరుగకముందే మందుగా మాఱుట కాలమహిమ! మన దేశమున ట్రాంబేయందు 1956లో అప్సర అను అణురియాక్టరు నడచినది. 1963లో బొంబాయియందు కిరణవైద్యకేంద్రము స్థాపింపబడినది. నేడు హైదరాబాదు మొదలగు నగరములందలి పెద్ద ఆసుపత్రులలోను ఈ చికిత్స దొరకుచున్నది.

వ్యాధి యంతయు ఒకే తీరుది కాదు. నాలుగు ముఖ్యమైన రకములు కలవు. పాపిలరీ అనునది అత్యధికముగా కనబడునది, నెమ్మదియైనది. తగిన కాలమున చికిత్స పొందినవారిలో నూటికి 95 మందికి పైగా పదేండ్ల తరువాతను జీవించియుందురు. ఫాలిక్యులర్ అనునది రెండవది. ఎముకలకు, ఊపిరితిత్తులకు వలసపోవు స్వభావము దీనికెక్కువ. ఈ రెండును సామాన్యముగా అయొడినును త్రాగును. మూడవది మెడుల్లరీ, దీనిని 1959లో అమెరికా వైద్యులు ప్రత్యేకముగా గుర్తించిరి. ఇది వేఱు జాతి కణములనుండి పుట్టును గనుక అయొడినుకు లొంగదు. దీనిలో కొంత భాగము వంశమునుండి వచ్చును. 1993లో రెట్ అను జన్యువునందలి దోషమే దీనికి మూలమని తెలిసినది. అట్టి కుటుంబములలో రక్తపరీక్షచేత దోషము వచ్చిన పిల్లలను గుర్తించి, వ్యాధి పుట్టకముందే గ్రంథిని తీయుట సాధ్యమైనది. నాలుగవది అనాప్లాస్టిక్, అరుదైనది, ముసలితనమున వచ్చునది, కొలది నెలలలోనే ప్రాణము తీయగల క్రూరమైనది. స్త్రీలకు ఈ గ్రంథి పుట్టవ్రణము పురుషులకంటె మూడు రెట్లు ఎక్కువగా వచ్చును.

గ్రంథి దాహము చేటును తెచ్చినది. 1986 ఏప్రిలు 26వ తేదీన సోవియట్టు దేశమునందలి చెర్నోబిల్ అణుకేంద్రము ప్రేలిపోయి అయొడిను 131 గాలిలో వ్యాపించి పచ్చికపై పడెను. ఆ పచ్చికను ఆవులు మేసినవి. ఆ పాలను పిల్లలు త్రాగిరి. మందుగా వలసగడ్డలను చంపిన ఆ అయొడినే, కొలత లేక, పసిపిల్లల మెడలలో చేరి వ్రణమును పుట్టించెను. 1992లో బెలారూసు వైద్యులు ఈ విషయమును లోకమునకు తెలిపిరి. 2005 నాటికి బెలారూసు, యుక్రెయిను, రష్యా దేశములందు నాటి పిల్లలలో ఆఱువేలకు పైగా ఈ వ్యాధి కనబడెను. అయినను వారిలో ఆ యేటి వఱకు మరణించినవారు 15 మంది మాత్రమే. చికిత్స ఎంత గుణకారియో దీనిచేతనే తెలియుచున్నది. పోలండు దేశము వెంటనే కోటికి పైగా పిల్లలకు మామూలు అయొడిను మందు త్రాగించెను. ముందే కడుపు నిండినవాడు విషాన్నమును ముట్టనట్లు, మామూలు అయొడినుతో నిండిన గ్రంథి చెడ్డ అయొడినును పీల్చుకొనదు. అంతకు పూర్వమే, 1950లో అమెరికా వైద్యులిద్దఱు, పసితనమున మెడకు రొమ్మునకు ఎక్సురే కిరణములు పొందిన పిల్లలలో ఈ వ్రణము కనబడుచున్నదని హెచ్చరించియుండిరి. చిన్న చిన్న జబ్బులకు పిల్లల మెడపై కిరణములు ప్రసరింపజేయు వాడుక ఆ పిమ్మట అంతరించినది.

మితిమీఱిన వెదకులాటయు ఒక పొరపాటే యని ఇటీవలి చరిత్రము నేర్పినది. దక్షిణ కొరియా దేశమున 1999 తరువాత జబ్బు లేనివారికి కూడ మెడను శబ్దతరంగములతో పరీక్షించుట పరిపాటి యయ్యెను. 2011 నాటికి అచట ఈ పుట్టవ్రణము కనబడిన వారి సంఖ్య 1993 నాటికంటె 15 రెట్లు పెరిగెను. మరణములు మాత్రము తగ్గలేదు. అనగా జీవితకాలమంతయు నిద్రించియుండెడి చిన్న చిన్న గడ్డలను లేపి కోసిరన్నమాట. 2014లో అచటి వైద్యులే దీనిని ఎత్తిచూపగా ఆ పరీక్షలు తగ్గినవి. జపానునందలి కోబె నగరపు కుమా ఆసుపత్రిలో 1993 మొదలు, సెంటీమీటరు లోపలి చిన్న గడ్డలను కోయక, కాలానుసారముగా పరీక్షించుచు కనిపెట్టియుండు పద్ధతిని ఆరంభించిరి. అట్టి గడ్డలలో అధికభాగము పెరుగనే లేదు. ఎప్పుడు కోయవలెనో తెలియుట ఎంత విద్యయో, ఎప్పుడు కోయకుండవలెనో తెలియుట అంతకు తక్కువ విద్య కాదు.

ఈ చరిత్రమంతయు కలిసి నేటి చికిత్సగా పరిణమించినది. వైద్యుడు మొదట మెడను తడవి, రక్తమును పరీక్షింపించి, శబ్దతరంగములతో గడ్డ స్వరూపమును చూచును. అనుమానము కలిగినచో సన్నని సూదితో కొన్ని కణములను తీసి సూక్ష్మదర్శినిక్రింద పరిశీలింతురు. సూది గ్రుచ్చిన గడ్డ రేగి పాకునని జనులలో నున్న భయమునకు తావులేదు. చేతికి తగులు నూఱు గడ్డలలో సుమారు తొంబది పుట్టవ్రణములు కానేకావు. వ్రణమే యని తేలినచో, దాని పరిమాణమునుబట్టి గ్రంథిలో సగమునో, సమస్తమునో తీయుదురు. మెడప్రక్కల బిళ్లలకు ప్రాకియున్నచో వానిని కూడ తీయుదురు. పిమ్మట అవసరమైనవారికి మాత్రమే కిరణాయొడిను నిత్తురు. ప్రమాదము తక్కువ గలవారికి చిన్న మోతాదు పెద్దమోతాదుతో సమానముగా పనిచేయునని 2012లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల పరీక్షలు నిరూపించెను. ఈ మందు పుచ్చుకొన్నవారు కొన్ని దినములు పసిపిల్లలకును గర్భిణులకును దూరముగా నుండవలెను. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును దీనిని ఈయరు. మొండి రకములకు కూడ మార్గములు తెఱచుకొనుచున్నవి. 2011 మొదలు మెడుల్లరీ రకమునకు, 2013 మొదలు అయొడినుకు లొంగని రకములకు, 2018 మొదలు బ్రాఫ్ అను జన్యుదోషము గల అనాప్లాస్టిక్ రకమునకు క్రొత్త మందులు అమెరికాలో అనుమతి పొందినవి. ఇవి వ్యాధిని నిర్మూలింపకపోయినను చాలమందికి ఆయువును పొడిగించుచున్నవి.

పెద్దలారా! ఈ చరిత్రమునుండి మన గ్రామములకు వలసిన మాటలు కొన్ని యున్నవి. గుటక వేసినపుడు కదలు గడ్డ మెడపై కనబడినచో దాచవలదు. అది త్వరగా పెరుగుచున్నను, గట్టిగా నున్నను, గొంతు బొంగురుపోయి వారములు గడచినను తగ్గకున్నను, మ్రింగుట కష్టమైనను, మెడప్రక్కల బిళ్లలు కట్టినను ఆలస్యము చేయరాదు. వాతలు పెట్టుట, పసరులు కట్టుట వలన గడ్డ కరగదు; కాలము మాత్రము కరగిపోవును. గ్రంథి తీయించుకొన్నవారు మాత్రను ప్రతిదినము ఉదయమున పరగడుపున నీటితో మ్రింగి, అరగంట మొదలు గంటసేపు ఆగి తినవలెను. ఇనుము, కాల్షియము మాత్రలను దానికి నాలుగు గంటలు ఎడముగా వేసికొనవలెను. ఒంట్లో బాగున్నదని దానిని మానుట కోహెరు కాలపు ఆ బాలిక గతిని కోరి తెచ్చుకొనుటయే. ఇంకొక్క మాట. ఇది అంటువ్యాధి కాదు. చికిత్స పొందిన యువతి వివాహము చేసికొనవచ్చును; కిరణాయొడిను పుచ్చుకొన్నచో సామాన్యముగా ఆఱు నెలలు ఆగి, వైద్యుని సలహాతో బిడ్డలను కనవచ్చును. మెడపైనున్న మచ్చను చూచి సంబంధము తప్పించుకొనుట అజ్ఞానము. ఆ పిల్ల తలిదండ్రులకు ధైర్యము చెప్పవలసిన వారు మీరే.

సౌందర్యముకొఱకని ఒకడు తలచిన గ్రంథి, మృత్యువని మఱియొకడు భయపడిన గడ్డ, నేడు ఒక చిన్న మాత్రతోను కొలచి యిచ్చిన మందుతోను అదుపులోనికి వచ్చినది. తన చికిత్సవలని కీడును తానే చాటిన వైద్యుడొకడు, సభలో లేచి ప్రశ్నించిన యువకుడొకడు, ఉప్పులో ఔషధమును చూచిన మన ఆంధ్రుడొకడు, ఇట్టివారి పుణ్యమున ఈ మేలు మనకు దక్కినది. దానిని అనుభవించుటకు మనము చేయవలసినది స్వల్పము: దాచకుండుట, జాగు చేయకుండుట, మాత్ర మానకుండుట. ఇంతమాత్రము చెప్పి నా ప్రసంగమును ముగించుచున్నాను.